సెకండ్ హ్యాండ్ టర్బో కారు కొంటున్నారా? నెల్లూరు, ఒంగోలు వాళ్లకు ఏది నిలబడుతుంది, ఏది ముంచుతుంది

పది లక్షల చుట్టుపక్కల డబ్బుంది. ఫ్యామిలీ కారు వద్దు, కాలు నొక్కితే వీపు సీటుకి అతుక్కునే బండి కావాలి. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో టీ కొట్టు దగ్గరైనా, ఒంగోలు కర్నూలు రోడ్డులో షెడ్డు దగ్గరైనా ఈ మాట మొదలైతే సాగే తీరు ఒకటే. ఒకరు ఫోక్స్‌వ్యాగన్ పోలో అంటారు. పక్కనున్నతను వెంటనే "దాన్ని మేపలేం అన్నా" అంటాడు. ఇంకొకరికి ఫియట్ వాళ్ల అబార్త్ పిచ్చి. కాసేపటికి అందరూ 'ఏ ఇంజిన్ గట్టిది' అన్న చోట ఇరుక్కుపోతారు.

నన్నడిగితే అక్కడ అంతసేపు ఆగక్కర్లేదు. ఈ తరగతి కార్లలో పిస్టన్ పగిలో క్రాంక్ విరిగో మూలపడేవి తక్కువ. జేబు ఖాళీ చేసేవన్నీ ఇంజిన్ చుట్టూ ఉంటాయి: గేర్‌బాక్స్, టైమింగ్ బెల్టు (ఇంజిన్ వాల్వులను వేళకు తెరిచి మూయించే బెల్టు), వాటర్ పంపు, ఫ్యూయల్ పంపు. అందుకే రెండు కార్లు పక్కపక్కన ఉన్నప్పుడు నేను ముందు చూసేది గేర్‌బాక్స్ ఏదని. తర్వాత చూసేది, అదే ఇంజిన్ రోడ్డు మీద తిరిగే మామూలు కార్లలో కూడా ఉందా అని. ఎందుకంటే మనం ఉండేది బెంగళూరులో కాదు. నెల్లూరు నుంచి చెన్నై దాదాపు 175 కిలోమీటర్లు, ఒంగోలు నుంచి విజయవాడ దాదాపు 150. డీఎస్‌జీ అనే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ విప్పి మళ్లీ సరిగ్గా బిగించే మెకానిక్ కోసం చాలాసార్లు అంతదూరం పోవాలి. బండిని లారీ మీద ఎక్కించిన క్షణం నుంచే బిల్లు మొదలవుతుంది.

రోడ్ల విషయానికొస్తే, ఎన్‌హెచ్ 16 మీద ఒకే వేగంతో సాగే పరుగు టర్బో ఇంజిన్‌కి మేలే చేస్తుంది. ఊళ్లో రెండేసి కిలోమీటర్లు తిరిగి ఆగే బండి కన్నా అది శుభ్రంగా ఉంటుంది. ఇబ్బందంతా హైవే దిగాక. చీమకుర్తి వైపు గ్రానైట్ లారీలు లేపే దుమ్ము, కృష్ణపట్నం రోడ్డులో పోర్టు లారీలు, రోహిణి కార్తె ఎండ. ఎయిర్ ఫిల్టర్ పట్టించుకోకుండా ఈ దుమ్ములో తిప్పితే టర్బో బ్లేడ్లు అరుగుతాయి. హైవే మీద గట్టిగా తోలుకొచ్చి ఇంటి గేటు ముందు టక్కున ఆపేసే అలవాటున్న ఓనర్ దగ్గర టర్బోలో ఆయిల్ మాడుతుంది. మోడల్ ఎంత మంచిదైనా ముందు ఓనర్ ఎలా వాడాడో చూడాలనేది ఇందుకే.

పోలోలు: పేరొకటే, బండ్లు వేరు

సెకండ్స్‌లో 'పోలో జీటీ టీఎస్‌ఐ' అని చూపించేవి రెండు వేర్వేరు కార్లు. 2013లో వచ్చిన దాంట్లో నాలుగు సిలిండర్ల 1.2 లీటర్ ఇంజిన్, 105 పీఎస్ పవర్, 175 న్యూటన్ మీటర్ల టార్క్. ఇంజిన్ నడిపితే వెన్నలా ఉంటుంది. కానీ దాని వెనక వచ్చింది ఒకే ఒక్క గేర్‌బాక్స్, డీక్యూ200 అనే ఏడు గేర్ల డీఎస్‌జీ. ఇందులో రెండు క్లచ్‌లు ఆయిల్ లేకుండా పొడిగా పనిచేస్తాయి. ఒకటి బేసి గేర్లకు, ఒకటి సరి గేర్లకు. వీటిని నడిపేది మెకట్రానిక్ అనే యూనిట్, అంటే ఆయిల్ ప్రెషర్, ఎలక్ట్రానిక్ బోర్డు కలిసిన పెట్టె. అది పోయిందంటే కారు ఉన్నట్టుండి సగం గేర్లు మర్చిపోతుంది, లేదా అసలు కదలదు. కొత్తది వేయిస్తే ఖర్చు లక్షల్లోనే.

దీన్ని పరీక్షించాలంటే హైవే ఎక్కొద్దు. అక్కడ ఏ డీఎస్‌జీ అయినా బంగారంలాగే ఉంటుంది. సాయంత్రం ఆరు గంటలకు నెల్లూరు వీఆర్సీ సెంటర్ ట్రాఫిక్‌లోకి తీసుకెళ్లండి. కాలు తీసీ వేసీ పాక్కుంటూ పోతున్నప్పుడు ఒకటో గేరు నుంచి రెండుకి మారేటప్పుడు వణుకు వస్తోందా, ఆగబోతుంటే రెండు నుంచి ఒకటికి దిగేటప్పుడు కింద నుంచి 'టక్' అని కొడుతోందా చూడండి. తర్వాత ఏదైనా ర్యాంపు మీదకి రివర్స్‌లో నెమ్మదిగా ఎక్కించండి. వణికితే క్లచ్ ప్యాక్ చివరికొచ్చినట్టే. స్కానర్ పెట్టి గేర్‌బాక్స్ ఎర్రర్లు చూడకుండా, మెకట్రానిక్ లేదా క్లచ్ మార్చిన బిల్లు లేకుండా ఈ కారుకి అడ్వాన్స్ ఇవ్వకండి.

2020లో బీఎస్6 కాలుష్య నిబంధనలతో వచ్చిన పోలో వేరే కథ. 1.0 టీఎస్‌ఐ, మూడు సిలిండర్లు, 110 పీఎస్, టార్క్ అదే 175. గేర్‌బాక్స్ ఆరు గేర్ల మాన్యువల్, లేదంటే మామూలు టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్. డీఎస్‌జీ బెడద పోయింది. ఐడిలింగ్‌లో కొంచెం వణుకుతుంది, అది మూడు సిలిండర్ల గుణం, జబ్బు కాదు. పోలో తయారీ ఇక్కడ 2022లో ఆగిపోయినా ఇదే ఇంజిన్ కుటుంబం కుషాక్, స్లావియా, టైగున్, వర్టస్‌లలో ఉంది కాబట్టి ఇంజిన్ పార్టుల కోసం ఇప్పుడప్పుడే దిగులు అక్కర్లేదు. ఒక్క తిరకాసుంది. జీటీ బ్యాడ్జి ఉన్న 1.0 ఆటోమేటిక్‌గా వచ్చింది. మాన్యువల్ కావాల్సినవాళ్లు హైలైన్ ప్లస్ లాంటి వేరియంట్లు వెతకాలి. వెనక జీటీ అని ఎర్రక్షరాలు లేనందుకు జనం వాటిని పట్టించుకోరు, బేరం కుదరడానికి అదే మనకు సందు. నా మొదటి ఓటు ఈ మాన్యువల్‌కే.

డీజిల్ ఇష్టపడేవాళ్లకు జీటీ టీడీఐ ఉంది. చివరి 1.5 లీటర్ ఇంజిన్ 110 పీఎస్, 250 న్యూటన్ మీటర్లు, మాన్యువల్. వారానికి రెండుసార్లు ఒంగోలు నుంచి హైదరాబాద్ పోయొచ్చేవాళ్లకు సరైన బండి. 2020 ఏప్రిల్ తర్వాత రాలేదు కాబట్టి ఎంత తక్కువనుకున్నా ఆరేళ్ల పాతదే దొరుకుతుంది. టైమింగ్ బెల్టు మార్చారా, ఎప్పుడు మార్చారు, బిల్లేది అని అడగండి. లేదంటే ఆ ఖర్చు ధరలో కొట్టేయండి.

మారుతీ, హ్యుందాయ్: ఫ్యాన్లు చిన్నచూపు చూసేవి

బాలెనో ఆర్ఎస్‌ని కార్ల పిచ్చోళ్లు పెద్దగా లెక్కచేయరు. 2017లో వచ్చి 2020కల్లా పోయింది. 1.0 బూస్టర్‌జెట్, 102 పీఎస్, 150 న్యూటన్ మీటర్లు, ఐదు గేర్ల మాన్యువల్, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. అంకెల్లో పోలో కన్నా తక్కువే, కానీ బండి బరువు తక్కువ కావడంతో రోడ్డు మీద ఆ తేడా అంతగా తెలియదు. బెల్టు కాదు, టైమింగ్ చైన్. కావలిలోనైనా కనిగిరిలోనైనా మారుతీ బండి మీద చెయ్యి వేయడానికి భయపడే మెకానిక్ ఉండడు. 2023లో వచ్చిన ఫ్రాంక్స్‌లోనూ 1.0 బూస్టర్‌జెట్ ఉంది కాబట్టి ఈ ఇంజిన్ కుటుంబం షోరూమ్ వాళ్లకు కొత్తేమీ కాదు.

ఒక్క విషయం మాత్రం తప్పక చూడాలి. 2023 ఏప్రిల్‌లో మారుతీ 7,213 బాలెనో ఆర్ఎస్ కార్లను రీకాల్ చేసింది. బ్రేకుకి బలమిచ్చే వాక్యూమ్ పంపులో లోపం ఉండొచ్చని, అది పోతే బ్రేక్ పెడల్ ఎక్కువ బలంగా తొక్కాల్సి వస్తుందని కారణం. 2016 అక్టోబర్ చివరి నుంచి 2019 నవంబర్ 1 దాకా తయారైన బండ్లన్నమాట, అంటే మీరు చూడబోయేది దాదాపు ఖాయంగా ఆ కాలంలోదే. ఛాసిస్ నంబర్ ఇస్తే పంపు మార్చారో లేదో షోరూమ్‌లో చెబుతారు. మీరే చూడాలనుకుంటే ఇంజిన్ ఆపి పెడల్‌ని నాలుగైదుసార్లు తొక్కండి, గట్టిపడుతుంది. కాలు అలాగే అదిమి ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కాలి కింద కొద్దిగా కిందికి జారాలి. కదలకుండా రాయిలా ఉంటే బూస్టర్‌కి వాక్యూమ్ అందడం లేదు. ఇది ఏ కారుకైనా చేయొచ్చు, అర నిమిషం పని.

హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ 2021 సెప్టెంబర్‌లో వచ్చింది. 1.0 టర్బో, 120 పీఎస్, 172 న్యూటన్ మీటర్లు. వెన్యూలో ఉన్న ఇంజినే, కాబట్టి పార్టులకు లోటు లేదు. సైలెన్సర్ చప్పుడు, కొంచెం గట్టి సస్పెన్షన్ దీని ప్రత్యేకత. మొదట్లో గేరు చేత్తో వేయాల్సినా క్లచ్ పెడల్ లేని ఐఎంటీ, డీఎస్‌జీ లాంటిదే అయిన ఏడు గేర్ల డీసీటీ ఇచ్చారు. 2023 మార్పుల్లో ఐఎంటీ తీసేసి ఆరు గేర్ల మాన్యువల్ పెట్టారు. గేరు వేసే సరదా కోసం కొనేవాళ్లకు 2023 తర్వాతిదే సరైనది. ఐఎంటీ నాకు నచ్చదు. స్పోర్ట్స్ కారు అని చెప్పి క్లచ్ తీసేయడమేంటో అర్థం కాదు. డీసీటీ కూడా పొడి క్లచ్‌లదే, ఎండాకాలం ట్రాఫిక్‌లో వేడెక్కుతుంది, పైన డీఎస్‌జీకి చెప్పిన పరీక్ష దీనికీ చేయండి. ఇంకో మాట: 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. కాబట్టి ఐ20 లాంటి చిన్న కార్లకు జీఎస్టీ తగ్గకముందు ఉన్న షోరూమ్ ధర పట్టుకుని సెకండ్ హ్యాండ్ బేరమాడకండి. షోరూమ్‌కి ఫోన్ చేసి ఇవాళ్టి ఆన్ రోడ్ ధర కనుక్కున్నాకే నోరు విప్పండి.

మనసు లాగేవి

అబార్త్ పుంటో. 2015 అక్టోబర్‌లో 9.95 లక్షలకు వచ్చినప్పుడు ఆ ధరలో 145 పీఎస్ ఇంకెవరూ ఇవ్వలేదు. 1.4 టీ-జెట్ ఇంజిన్, 212 న్యూటన్ మీటర్లు. ఇంజిన్ గట్టితనం గురించే అడిగితే ఈ జాబితాలో దీనికే నేను పెద్దపీట వేస్తాను: క్యాస్ట్ ఐరన్ బ్లాక్, మాన్యువల్ గేర్‌బాక్స్, మెకానిక్‌కి అర్థమయ్యే తయారీ. స్టీరింగ్ పట్టుకుంటే చేతులకి రోడ్డు తెలుస్తుంది. అయినా ఉన్న ఒక్క కారుగా మాత్రం కొనొద్దంటాను. ఫియట్ మన దేశంలో కార్లమ్మడం ఆపేసింది. బెల్టు, ఫిల్టర్లు, క్లచ్ లాంటివి టీ-జెట్ లీనియాతో కలుస్తాయి కాబట్టి వెతికితే దొరుకుతాయి. కానీ గేదె అడ్డొచ్చి హెడ్‌లైటో బంపరో పగిలిందంటే పార్టు వచ్చేదాకా బండి కవర్ కప్పుకుని ఉండాల్సిందే. ఇంట్లో ఇంకో బండి ఉండి, పార్టులు వేటాడే ఓపిక ఉన్నవాళ్లకు ఇంతకన్నా మంచి బొమ్మ లేదు.

ఫోర్డ్ ఎకోస్పోర్ట్ ఎకోబూస్ట్‌లో 1.0 లీటర్ ఇంజిన్ 125 పీఎస్ ఇస్తుంది. నడపడానికి హుషారుగా ఉంటుంది. దీని గుట్టంతా టైమింగ్ బెల్టులో ఉంది. మామూలుగా బయట పొడిగా తిరగాల్సిన రబ్బరు బెల్టు ఇందులో ఇంజిన్ ఆయిల్‌లో మునిగి తిరుగుతుంది. కంపెనీ చెప్పిన గ్రేడ్ ఆయిల్ వేళకు మారుస్తూ ఉంటే పర్లేదు. షెడ్డులో డ్రమ్ము ఆయిల్ పోసిన బండిలో ఆ రబ్బరు ఉబ్బి, పొట్టు రాలి, ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడుతుంది. ఆయిల్ అందక ఇంజిన్ పట్టేస్తుంది. ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు చెప్పాక చాలామంది ఓనర్లు షోరూమ్ మాని బయట సర్వీసుకి మళ్లారు. సరిగ్గా అదే సమయంలో ఏ ఆయిల్ పోశారన్నది బిల్లులు చూస్తేగానీ తెలియదు. అవి లేకపోతే ఈ కారు వదిలేయండి. అదే ఫోర్డ్‌లో ఫిగో 1.5 డీజిల్‌కి ఈ గొడవ లేదు. 100 పీఎస్, 215 న్యూటన్ మీటర్లు, తేలికైన బండి. జనం దాన్ని స్పీడ్ బండిగా చూడరు, చూడకపోవడం మనకే లాభం.

ఇక స్కోడా ఆక్టేవియా. రొయ్యల చెరువులు కలిసొచ్చిన ఏడాది మనవైపు చాలామంది కళ్లు దీని మీదే పడతాయి. 1.8 టీఎస్‌ఐ 180 పీఎస్, 250 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. గేర్‌బాక్స్ మళ్లీ ఆ డీక్యూ200 డీఎస్‌జీనే, అది తట్టుకోగలిగేది కూడా 250 న్యూటన్ మీటర్లే. ఏడుగురు పట్టే ఆటోలో ఏడుగురూ ఎక్కి కూర్చున్నట్టు, ఇంకొకరికి చోటు లేదు. అలాంటి దానికి స్టేజ్ వన్ రీమ్యాప్ చేయించి, అంటే ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచి, 'ఇప్పుడు రెండొందల ముప్పై పీఎస్ వస్తోంది అన్నా' అని అమ్మేవాడు గేర్‌బాక్స్ బిల్లు మీ చేతిలో పెట్టి పోతున్నాడన్నమాటే. 2017లో 500 బండ్లే వచ్చిన ఆర్ఎస్ మోడల్ 230 పీఎస్, 350 న్యూటన్ మీటర్లు ఇస్తుంది, కానీ దాంట్లో ఆయిల్‌లో తడిసి పనిచేసే క్లచ్‌ల ఆరు గేర్ల డీఎస్‌జీ ఉంటుంది. అంటే దూకుడు బండికే గట్టి గేర్‌బాక్స్ పడింది. 60,000 కిలోమీటర్లకోసారి ఆ ఆయిల్ మార్చిన బిల్లు ఉంటే మామూలు 1.8 కన్నా దీన్నే నేను నమ్ముతాను. రెండింటిలోనూ వాటర్ పంపు, థర్మోస్టాట్ ఉండే ప్లాస్టిక్ భాగం నీరు కారడం తెలిసిన జబ్బే. టార్చి వేసి ఇంజిన్ పక్కన చూడండి. గులాబీ రంగు చార ఎండి పొలుసులా కట్టి ఉంటే కూలెంట్ కారుతున్నట్టు.

అంతకుముందు లారా, సూపర్బ్‌లలో వచ్చిన 160 పీఎస్ 1.8 టీఎస్‌ఐ జోలికి పోవద్దు. ఆయిల్ తాగడం, టైమింగ్ చైన్‌ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ వదులవడం దాని చరిత్ర. నాలుగైదు లక్షలకే దొరుకుతోందని వాట్సాప్‌లో వచ్చే ఢిల్లీ బీఎండబ్ల్యూ 320డీ కూడా అంతే. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ మీద ఆంక్షలు పెట్టడంతో చవగ్గా వదిలించుకుంటూ వచ్చారు. ఆ తరం ఎన్47 డీజిల్ ఇంజిన్‌లో టైమింగ్ చైన్ గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. దాన్ని మార్చాలంటే ఇంజినో గేర్‌బాక్సో దించాలి.

చూడ్డానికి వెళ్లినప్పుడు

అమ్మేవాళ్లు చెప్పే మాటలు అందరికీ బట్టీయే: డాక్టర్ గారి బండి, సింగిల్ హ్యాండ్, పొలం గట్టు కూడా చూడలేదు. వినండి, తలూపండి, మీ పని మీరు చేయండి. ముందురోజే 'స్టార్ట్ చేయొద్దు, పొద్దున్నే వస్తా' అని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేసి ఏదో దాచారు, ఇంకోరోజు వస్తానని వెనక్కి రండి. చల్లగా ఉంటే ఒకరిని సైలెన్సర్ దగ్గర నిలబెట్టి స్టార్ట్ చేయండి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. తెల్లపొగ వేడెక్కాక కూడా ఆగక, తీపి వాసన కొడితే కూలెంట్ కాలుతోంది. చైన్ ఇంజిన్ మొదటి రెండు క్షణాలు గలగలమంటే వదిలేయొచ్చు, అది ఆగకుండా సాగితే టెన్షనర్ చూడాలి.

స్కానర్ ఉన్న కుర్రాడిని వెంట తీసుకెళ్లండి. ఎర్రర్లు ఏమీ లేవని సంతోషించే ముందు రెడీనెస్ మానిటర్లు, అంటే కారు తన భాగాలను తానే పరీక్షించుకోవడం పూర్తయిందా లేదా అని చెప్పే గుర్తులు, చూడమనండి. అవి చాలావరకు 'నాట్ రెడీ' అని చూపిస్తే నిన్నో మొన్నో ఎర్రర్లు చెరిపేసి కూర్చున్నారు, లేదా బ్యాటరీ తీసి పెట్టారు. రెండొందల కిలోమీటర్లు తిప్పాక మళ్లీ చూపించమని అడగండి. మొహం మారిందో లేదో అక్కడే తెలుస్తుంది.

చెన్నై బండి అయితే నీళ్ల సంగతి ముందు. 2015 డిసెంబర్ వరదలు, 2023 డిసెంబర్ మిచౌంగ్ తుఫాను రెండుసార్లూ అక్కడ చాలా కార్లు మునిగాయి. మన నెల్లూరులోనూ 2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు కోవూరు వైపు హైవేనే తెగింది. పాలిష్ కొట్టి, సీటు కవర్లు మార్చేసిన బండిలో కూడా సీట్ బెల్టు మొత్తం చివరిదాకా లాగితే అడుగున మట్టి గీత కనిపిస్తుంది. సీటు పట్టాల కింద బోల్టులకు తుప్పు, స్టెపినీ గుంతలో ఎండిన బురద, డాష్‌బోర్డు కింద వైర్ల సాకెట్ల మీద ఆకుపచ్చ చిలుము, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా మర్యాదగా నమస్కారం పెట్టి వచ్చేయండి. వైరింగ్ జబ్బు ఇంజిన్ జబ్బు కన్నా ఘోరం, ఏ మెకానిక్కూ అంతు చిక్కదు.

కాగితాలు

తమిళనాడు, కర్ణాటక బండి చవగ్గా కనిపిస్తుంది. అక్కడి ఆర్టీవో నుంచి ఎన్ఓసీ కోసం ఫారం 28, పేరు మార్పుకి 29, 30, లోన్ ఉండి ఉంటే బ్యాంకు ఇచ్చే ఫారం 35. ఇంకో రాష్ట్రం బండిని 12 నెలలకు మించి మన దగ్గర ఉంచుకుంటే ఇక్కడి నంబర్ తీసుకోవాల్సిందే, లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. అక్కడ కట్టిన దాంట్లో కొంత వెనక్కి అడగొచ్చు కానీ దానికోసం తిరగాల్సింది మీరే. ఆ ట్యాక్స్ ఎంతవుతుందో ఆర్టీఏ ఆఫీసులో ముందే అడిగి, దాన్ని బండి ధరకి కలిపి, అప్పుడు ఏపీ 26, ఏపీ 27, ఏపీ 39 నంబర్ల బండితో పోల్చండి. పెండింగ్ చలాన్లు కూడా నంబర్ కొట్టి చూసుకోండి.

బండి చేతికొచ్చాక 14 రోజుల్లో ఇన్సూరెన్స్ మీ పేరుకి మార్చమని అడగాలి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, కాబట్టి ప్రీమియంలో ఆ తేడా కట్టాల్సి వస్తుంది. రీమ్యాప్, మార్చిన సైలెన్సర్ లాంటివి ఉన్న బండి కొంటే వాటి గురించి ఇన్సూరెన్స్ వాళ్లకు ముందే రాసి ఇవ్వండి, లేదా కంపెనీ ఇచ్చిన రూపానికి మార్చి ఇస్తేనే మిగతా డబ్బు ఇస్తానని అమ్మేవాడికి చెప్పండి. నేనైతే రెండోదే అడుగుతాను.